దరువు ఆట తగువు



వేసవి సెలవుల్లో మన యవనస్థుల మధ్య ఒక ఫోన్ ఆట పోటీ గురించి తగువు వచ్చిన సంగతి హైదరాబాదు దాటి భివండి దాకా, మస్కట్ దాకా పోయింది. పోతూ పోతూ పెరిగింది కూడా. “సంఘం రెండు ముక్కలయ్యిందట గదా అయ్యగారూ” అని ఒక తమ్ముడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ముక్కలేం కాలేదు. అయితే మూడు ఆదివారాలు రెండు కుటుంబాల వాళ్ళు ఎదురుపడితే తలలు తిప్పుకున్నారు. ఒక అక్క తన వంతు వచ్చినా మందిరం ఊడవడానికి రాలేదు. అది చిన్న సంగతి అని నేను అనుకోను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేర్లు రాయను. ఊళ్ళోవాళ్ళకు ఎలాగూ తెలుసు, బయటివాళ్ళకు వాటితో పని లేదు.

ముందు ఆట సంగతి చెప్పాలి, ఎందుకంటే మన పెద్దవాళ్ళు చాలామంది “సెల్లుల బొమ్మలు ఒత్తుకునుడు” అని ఒక్క మాటలో తీసిపారేశారు. పాట వస్తుంటుంది. పాట దెబ్బకు తగ్గట్టు పైనుంచి పలకలు జారుతూ ఉంటాయి. గీత దగ్గరికి రాగానే వేలు పెట్టాలి. ముందు పెట్టినా తప్పే, తర్వాత పెట్టినా తప్పే. ఇలాంటి వాటిని రిథమ్ గేమ్ అంటారు. నేను దరువు ఆట అంటున్నాను. ఇవి ఎక్కువగా జపాన్‌లో పుట్టాయి. 1996లో ‘పరప్పా ది రాపర్’, 1997లో ‘బీట్‌మేనియా’, 1998లో కాళ్ళతో తొక్కి ఆడే ‘డాన్స్ డాన్స్ రెవల్యూషన్’ వచ్చాయి. 2007లో ఆస్ట్రేలియాకు చెందిన డీన్ హెర్బర్ట్ అనే ఆయన ‘ఒసు’ అనే ఆటను ఉచితంగా వదిలాడు. దానికి పలకల వరసలు తయారుచేసేది కంపెనీ కాదు, ఆడే అభిమానులే. ప్రపంచంలో ఏ మూలనున్న పిల్లవాడైనా తనకు నచ్చిన పాటకు వరస కట్టి పదిమందికి పెట్టవచ్చు.

ఈ ఆటల్లో నన్ను ఆకట్టుకున్న మాట ఒకటుంది. వేలు పెట్టిన ప్రతిసారీ తెర మీద పర్ఫెక్ట్ అనో, గ్రేట్ అనో, గుడ్ అనో, మిస్ అనో ఒక ముక్క మెరుస్తుంది. దాన్ని ఆ ఆటగాళ్ళు ‘జడ్జిమెంట్’ అంటారట. అంటే తీర్పు. మూడు నిమిషాల పాటలో నాలుగు వందల తీర్పులు! మన ఊళ్ళో ఒక్క తీర్పు చెప్పాలంటే పెద్దమనుషులకు మూడు పూటలు పడుతుంది.

పోటీ మందిరంలో జరగలేదు, ఈ ముక్క గట్టిగా చెప్తున్నాను. ఒక సహోదరుడి ఇంటి వసారాలో జరిగింది. 26 మంది ఆడారు, మనిషికి 30 రూపాయలు. మొదటి బహుమతిగా ఒక పెద్ద స్పీకరు ఆ ఇంటాయనే కొనిచ్చాడు. హైదరాబాదులో బీటెక్ చదివే ఒక తమ్ముడు నిబంధనలు నోటుబుక్కులో రాశాడు. ఎవరి ఫోన్‌లో వాళ్ళు ఆడాలి. అందరికీ ఒకే పాట, ఒకే లెవెల్. మూడు అవకాశాలు, వాటిలో మంచిది లెక్క. పాటలో 412 పలకలు. ఎన్ని పర్ఫెక్ట్‌లు వస్తే అన్ని మార్కులు. ఆఖరికి తేలింది ఏమంటే, 391తో మొదట వచ్చింది స్పీకరు కొన్నాయన కొడుకే. 377తో రెండో స్థానంలో నిలిచినవాడు తల్లి ఫోన్ అడుక్కుని ఆడిన పిల్లవాడు. ఆ తల్లి కూలికి పోతుంది. అంతే, వసారా అంటుకుంది.

“వాళ్ళింట్ల పోటీ, వాళ్ళ బహుమతి, వాళ్ళ పిల్లగానికే ఫస్టు. ఇంక మేమెందుకు ఆడినట్టు?” అని ఒక వైపు. “నోట్‌బుక్కుల రాసినప్పుడు సరే అన్నరు గదా. రూల్ అందరికి ఒక్కటే. ఓడినంక రూల్ తప్పంటే ఎట్ల?” అని రెండో వైపు. రెండూ సబబైన మాటలే. గెలిచినవాడు దొంగాట ఆడాడని ఎవరూ అనలేదు. అతను ఆడుతుంటే చుట్టూ 25 మంది చూశారు. అయితే అతని ఫోన్ కొత్తది, ధర ఎక్కువది. రెండోవాడి ఫోన్ అద్దం మూల పగిలి ఉంది, ఒక చోట వేలు పెడితే ఒక్కోసారి పలకదు.

ఎండాకాలం మన దగ్గర వడ్లు కొనే రోజులు కదా. సెంటర్ల దగ్గర బస్తాల మధ్య నిద్రపోయి వచ్చిన రైతులు ఈ తగువును వెంటనే పట్టుకున్నారు. కాంటా అందరికీ ఒకటే. తేమ 17 శాతం దాటకూడదన్న లెక్కా అందరికీ ఒకటే. కానీ కల్లంలో ఆరబోసుకునే జాగా ఉన్నవాడికీ, రోడ్డు పక్క పోసుకున్నవాడికీ ఆ 17 ఒకటేనా? ఒక రైతు నన్నే అడిగాడు ఈ మాట. జవాబు కోసం కాదు, నేను విన్నానా లేదా అని చూశాడు.

తగువు నా దగ్గరికి వచ్చేసరికి రెండు సలహాలు కూడా వెంట వచ్చాయి. మొదటిది, ఇద్దరికీ ఫస్ట్ ఇచ్చేసి స్పీకరు మందిరానికి ఇప్పించండి అని. పెద్దమనుషుల పంచాయితీల్లో ఇది పాత మందు, చెరిసగం. ఇలాంటిది పెద్ద చోట్ల కూడా జరిగింది. 2002 ఫిబ్రవరిలో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో శీతాకాల ఒలింపిక్స్ జరిగినప్పుడు మంచు మీద జంటల స్కేటింగ్‌లో రష్యా జంట బెరెజ్నయా, సిఖరులిద్జేలకు స్వర్ణం వచ్చింది. కెనడా జంట సాలే, పెల్టియేలకు రజతం. ఫ్రాన్స్ న్యాయనిర్ణేత మీద ఓటు విషయంలో ఒత్తిడి ఉందన్న మాట బయటపడి పెద్ద గొడవైంది. కొద్ది రోజులకే కెనడా జంటకు కూడా స్వర్ణం ఇచ్చారు, రష్యా వాళ్ళది తీసుకోలేదు. గొడవ ఆ వారానికి చల్లారింది. కానీ అక్కడితో సరిపోలేదు. 6 మార్కులకు వేసే పాత పద్ధతినే తీసేసి 2004లో కొత్త లెక్క తెచ్చారు. రెండో పతకం ఇచ్చినంత మాత్రాన కాంటా బాగుపడలేదన్నమాట.

మన పిల్లవాడైతే చెరిసగాన్ని నేను నోరు తెరవకముందే కాదన్నాడు. “సగం ఒద్దయ్యగారు. నేను ఓడిపోతే ఓడిపోయిన్నని చెప్పుండ్రి. కని సక్కగ చూసి చెప్పుండ్రి.” పదిహేనేళ్ళ పిల్లవాడు.

రెండో సలహా కొంచెం లోతైనది, కొంచెం ప్రమాదమైనది కూడా. పేదింటి పిల్లవాడు కదా, అతనికే ఇచ్చేద్దాం, ఉన్నవాళ్ళకు స్పీకరు ఒక లెక్కా అని. సానుభూతిగా అన్నారు, నాకు తెలుసు. కానీ లేవీయకాండం 19వ అధ్యాయం 15వ వచనం తీసి చూడండి. గొప్పవాడి ముఖం చూడవద్దని అందరికీ గుర్తుంటుంది. అదే వచనంలో బీదవాడి పక్షం వహించవద్దని కూడా ఉన్న సంగతి మనం దాటేస్తాం. ఆ తర్వాత 35, 36 వచనాల్లో కొలతల గురించి, తూనికరాళ్ళ గురించి ఉంటుంది. ద్వితీయోపదేశకాండం 25లో సంచిలో పెద్దదొకటి, చిన్నదొకటి రాళ్ళు పెట్టుకోవద్దని ఉంటుంది. ముందు మనిషి ముఖం, వెంటనే రాయి. ఎవరి పక్షమూ వహించకుండా ఉంటే చాలదు, చేతిలో ఉన్న రాయిని కూడా చూసుకోవాలి. అందుకని ఎవరు గెలిచారో తేల్చే ముందు రాయి సంగతి చూద్దాం అన్నాను.

బీటెక్ తమ్ముడు దీనికి బాగా పనికొచ్చాడు. అతని నిబంధనల మీదే తగువు వచ్చినా అలగలేదు, అది నాకు నచ్చింది. అతను చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. ఈ ఆటల్లో తీర్పు సెకనులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. దాన్ని మిల్లీసెకను అంటారు. ‘ఒసు’ ఆటలో కష్టాన్ని 0 నుంచి 10 దాకా పెట్టుకోవచ్చట. 5 దగ్గర పెడితే దెబ్బకు 50 మిల్లీసెకన్ల ఇటూ అటూలో వేలు పడితేనే పూర్తి మార్కు, 10 దగ్గర పెడితే 20 లోపే. కన్ను మూసి తెరవడానికి వంద మిల్లీసెకన్ల పైనే పడుతుంది. ఇంత సన్నని దారంతో కొలుస్తున్నప్పుడు కొలిచే వస్తువే వణికితే ఏమవుతుంది? ఫోన్ తెర సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. కొత్త ఫోన్లలో 120 సార్లు. మొదటిదాంట్లో ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య సుమారు 17 మిల్లీసెకన్లు, రెండోదాంట్లో సుమారు 8. అద్దం మీద వేలు పడినట్టు ఫోన్‌కు తెలియడానికి కొంత, లోపలి నుంచి శబ్దం బయటికి రావడానికి కొంత ఆలస్యం. ఈ ఆలస్యం ఫోన్ ఫోన్‌కు వేరు.

వీటన్నిటికంటే పెద్దది బ్లూటూత్. తీగ లేని ఇయర్‌ఫోన్లలో పాట చెవికి చేరేసరికి వంద నుంచి రెండు వందల మిల్లీసెకన్ల దాకా, కొన్నింట్లో అంతకంటే ఎక్కువ ఆలస్యమవుతుంది. సినిమా చూసేటప్పుడు తెలియదు, ఫోన్ బొమ్మనే కాస్త ఆపి శబ్దంతో కలుపుతుంది. ఆటలో అలా ఆపడానికి వీల్లేదు, వేలు ఇప్పుడే పడాలి కదా. అందుకే ఇలాంటి ఆటలు చాలావాటి సెట్టింగుల్లో ‘ఆఫ్‌సెట్’ అని ఒకటి ఉంటుంది. దెబ్బకు తగ్గట్టు కొన్నిసార్లు తడితే మన ఫోన్ ఎంత వెనకబడిందో లెక్క చూసుకుని సరిచేస్తుంది. 26 మందిలో దాన్ని ముట్టినవాళ్ళు ఇద్దరే.

అక్కడ కూర్చున్న ఒక పెద్దాయన ఇదంతా వింటూ బీడీ ఆర్పి మాట్లాడాడు (బీడీ సంగతి ఆయనకు విడిగా చెప్పాను). ఊళ్ళో పెళ్ళికీ చావుకీ జాతరకూ ఆయన డప్పు లేకుండా జరిగిన రోజులు తక్కువ. పెద్దగట్టు జాతరకు కూడా పోయి కొట్టి వచ్చినవాడే. “డప్పు కాపకముందే కొట్టుమంటే ఎవ్వడు కొడతడు? గడ్డి మంట ఏసి అందరం కాపుకుంటం. మెత్తగున్న డప్పు కట్టెలెక్క పలుకుతది. వానకాలమైతె ఇంకింత సేపు కావాలె. ఒక్కని డప్పు కాగలేదంటే తతిమ్మోళ్ళు ఆగుతరు. ఈ పోరగాండ్లు కాపకుండనే మొదలువెట్టిన్రు” అన్నాడు.

బీటెక్ తమ్ముడు పావుగంట చెప్పింది ఆయన ఒక్క నిమిషంలో చెప్పాడు. మీలో పట్నంలో పుట్టిన పిల్లలకు తెలియకపోవచ్చు, డప్పు అంటే కట్టె చట్రానికి బిగించిన తోలు. చల్లదనానికి తోలు వదులవుతుంది, మంట సెగకు బిగుసుకుని గట్టిగా మోగుతుంది. కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల ఎంత నేర్పుగా ఆడినా తోలు వదులైతే ఆ నేర్పు ఎవరికీ వినబడదు.

పెద్దాయన ఇంకో మాట కూడా అన్నాడు, దాని విలువ నాకు తర్వాత తెలిసింది. ఊరేగింపు పొడుగ్గా ఉన్నప్పుడు వెనక ఉన్న డప్పు ముందటి డప్పును విని కొట్టకూడదట. ముందటివాడి చెయ్యి చూసి కొట్టాలట. లెక్క వేసి చూశాను, నిజమే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 34 మీటర్ల వెనక ఉన్నవాడికి దెబ్బ వినబడేసరికి వంద మిల్లీసెకన్లు గడుస్తాయి. విని కొడితే వంద ఆలస్యం. వాడు తప్పు విన్నాడని కాదు, సరిగ్గా వినడం వల్లే ఆలస్యం.

సరే, మళ్ళీ ఆడిద్దాం అనుకున్నారు. మళ్ళీ ఆడటం అన్యాయమని గెలిచినవాడి తండ్రి అంటాడని భయపడ్డాం. ఆయన అనలేదు. “నా కొడుకు గెలిస్తే ఆట గెలిచిండనాలె, స్పీకరు గెలిచిందనొద్దు” అన్నాడు. ఆయన గురించి ఊళ్ళో అన్న మాటలు అన్నవాళ్ళు ఇది కూడా చదవాలని రాస్తున్నాను.

ఒకే ఫోన్‌లో అందరూ ఆడాలి. ఎవరి ఫోన్? గెలిచినవాడి ఫోన్ అయితే అతని వేళ్ళకు అలవాటు. నా ఫోన్ అడిగారు గాని దానిలో ఆట తెరుచుకునేలోపు ప్రార్థన ముగించవచ్చు. చివరికి హైదరాబాదు నుంచి సెలవుకు వచ్చిన ఒక చెల్లెమ్మ, పోటీలో లేని మనిషి, తన ఫోన్ ఇచ్చింది. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు సూర్యాపేటలో కొనుక్కొచ్చారు. ముందు ఆఫ్‌సెట్ సరిచేశారు. ఆ ఫోన్ చేతికి అలవాటు కావడానికి ప్రతి ఒక్కరికీ వేరే పాట మీద రెండు ఆటలు ఉట్టివి. పాత పోటీలో మొదటి పది మందే ఆడాలని కొందరన్నారు, సమయం కలిసి వస్తుందని. 26 మందీ ఆడాలని పెద్దాయన పట్టుబట్టాడు. నేను ఆయన వైపు ఉన్నాను. రాయి మార్చినప్పుడు సంచిలో ఉన్నవన్నీ మళ్ళీ తూయాల్సిందే కదా.

ఫలితం చెప్తాను. మొదటిసారి గెలిచినవాడే మళ్ళీ గెలిచాడు, 386. ఇంతకు ముందుకంటే ఐదు తక్కువ. పోరాడిన పిల్లవాడికి 379, ముందుకంటే రెండు ఎక్కువ. కానీ వాడికి వచ్చింది మూడో స్థానం. 381తో రెండో స్థానంలోకి వచ్చింది ఒక ఆడపిల్ల. మొదటి పోటీలో ఆ అమ్మాయికి 268. పద్దెనిమిదో స్థానం. మొదటి పది మందితోనే ముగించి ఉంటే ఆమె ఆడేదే కాదు.

అందరూ ఆమె వైపు తిరిగారు. మనకందరికీ తెలిసిన పిల్లే. ఆదివారం ఆరాధనలో కంజీర కొట్టేది ఆమె. మొదటిసారి ఎలా ఆడావని బీటెక్ తమ్ముడు అడిగాడు. అన్న దగ్గర అడిగి తెచ్చుకున్న మెడలో వేసుకునే బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో ఆడిందట. దాన్ని పెట్టి చూస్తే ఆలస్యం 190 మిల్లీసెకన్లు తేలింది. మొదటి ఇద్దరు కుర్రవాళ్ళూ సగం శబ్దం తగ్గించి కంటితో ఆడినవాళ్ళు, పలక గీత దగ్గరికి వచ్చిందా లేదా అని చూసి. ఈ అమ్మాయి చెవితో ఆడింది. పాట ఎలా వినబడిందో అలా తట్టింది. వినబడటమే ఆలస్యం. మధ్య మధ్య తెర చూసి సర్దుకుంది కాబట్టి 268 అయినా వచ్చాయి.

నాకు మనసులో పట్టుకున్నది ఇదే. ఆ కొలత అందరినీ ఒకేలా దెబ్బతీయలేదు. ఎవరి చెవి మంచిదో వాళ్ళనే ఎక్కువ దెబ్బతీసింది. లయ లేనివాడు తెర చూసుకుని గట్టెక్కాడు. లయ ఉన్న పిల్ల పద్దెనిమిదో స్థానంలో కూర్చుంది. మూడు వారాలు ఊరంతా ఇద్దరు మగపిల్లల్లో ఎవరికి అన్యాయం జరిగిందని కొట్లాడింది. వాళ్ళిద్దరి మధ్య తేడా మొదటా ఉంది, చివరా ఉంది. అసలు అన్యాయం జరిగిన మనిషి వసారా చివర నిలబడి కొట్లాట చూస్తోంది.

మరి నువ్వెందుకు అడగలేదమ్మా అన్నాను. “నాకు ఆట రాదేమో అనుకున్న అయ్యగారు” అంది. ఊరికే అనలేదు. ఆ మూడు ఆదివారాల్లో ఒక ఆదివారం ఆమె కంజీర ఇంకొకరికి ఇచ్చి వెనక కూర్చుంది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం.

పోటీలో రెండో భాగం కూడా ఉంది, దాని మీద తగువు చిన్నది గాని ఆసక్తిగా ఉంటుంది. ఆడటం కాదు, పాటకు పలకల వరస కట్టడం. ఎవరి వరస బాగుందో వాట్సాప్ గ్రూపులో అందరూ పదికి మార్కులు వేయాలి, మొత్తం కలిపి ఎక్కువ వచ్చినవాడు గెలిచినట్టు. దీంతో ఎవరికి అన్నదమ్ముల పిల్లలు ఎక్కువ ఉంటే వాళ్ళు గెలిచారు. నలభై మంది ఆరేసి వేస్తే 240. పన్నెండు మంది తొమ్మిదేసి వేస్తే 108. బాగున్నది ఏది?

ఈ చిక్కు జపాన్ వాళ్ళకు చాలా ముందే వచ్చింది. 1998లో ఉరావో యానే అనే ఆయన బీఎంఎస్ అనే ఒక ఫైలు పద్ధతి తయారుచేశాడు, అభిమానులే సొంతంగా పాటలు చేసి దరువు ఆటకు వరసలు కట్టుకునేలా. 2004 నుంచి ‘ది బీఎంఎస్ ఆఫ్ ఫైటర్స్’ అని వాళ్ళకు ఒక పెద్ద పోటీ జరుగుతోంది. ఎవరైనా విని, ఆడి, మార్కులు వేసి అభిప్రాయం రాయవచ్చు. అక్కడ మొత్తం మార్కుల వరస ఒకటి ఉంటుంది. మొత్తం అంటే పేరున్నవాడికి లాభమే, పదిమంది ఎక్కువ వింటారు కదా. అందుకే అక్కడ సగటు కూడా చూస్తారు, మధ్య మార్కు కూడా చూస్తారు. మధ్య మార్కు అంటే వచ్చిన మార్కులన్నీ చిన్న నుంచి పెద్దకు పేర్చి నడుమ ఏది ఉందో చూడటం. ఉదాహరణకు ఒకరికి 8, 8, 9, 9 వచ్చాయి, కోపంతో ఒకడు 0 వేశాడు. సగటు 6.8కి పడిపోతుంది. మధ్య మార్కు మాత్రం 8 దగ్గరే నిలుస్తుంది, ఆ ఒక్కడి కోపం దాన్ని లాగలేదు. మన వాట్సాప్ మార్కుల్లో సున్నాలు ఏడు ఉన్నాయి. ఎవరు వేశారో నాకు తెలుసు, చెప్పను.

అయితే మధ్య మార్కూ అన్నిటికీ మందు కాదు. ముగ్గురే మార్కులు వేస్తే దాన్ని నమ్మేదెలా? కనీసం పదిహేను మంది వేయాలని, సొంత ఇంటివాళ్ళు వేయకూడదని ఇప్పుడు నోటుబుక్కులో రాశారు. ఇంటివాళ్ళంటే ఎవరి దాకా అన్న దాని మీద ఇంకో గంట పట్టింది. మన ఊళ్ళో లెక్క తీస్తే అందరూ చుట్టాలే. మేనమామ కొడుకు దాకా ఆపారు.

తమ్ముడు ఇంకో ఆట సంగతి కూడా చెప్పాడు, రాయకుండా ఉండలేను. ‘బీట్ సేబర్’ అని ఒకటి 2018లో వచ్చింది, కళ్ళకు పెట్టె లాంటిది కట్టుకుని కత్తులతో దిమ్మెలు నరికే ఆట. మామూలు దిమ్మెకు 115 మార్కులు. కత్తి ఎంత దూరం నుంచి ఎత్తి తెచ్చావన్న దానికి 70, నరికిన తర్వాత ఎంత దూరం పోనిచ్చావన్న దానికి 30, దిమ్మె నడుమకు ఎంత దగ్గరగా తగిలిందన్న దానికి 15. సరిగ్గా దెబ్బ మీద నరికావా లేదా అన్నదానికి విడిగా మార్కే లేదు! దరువు ఆట అంటారు, దరువును కొలవరు. అలా అని అది చెడ్డ ఆట కాదట. తయారుచేసినవాళ్ళు చేతి విసురును కొలవాలనుకున్నారు, అదే కొలిచారు, ఆ సంగతి దాచలేదు. మన వసారాలో లయను కొలుస్తున్నాం అనుకుంటూ ఫోన్లను కొలిచాం, తేడా అక్కడ.

పోరాడిన పిల్లవాడు రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. ఉన్న స్థానం నుంచి ఇంకో మెట్టు దిగితే ఎవరికైనా ఉంటుంది. మూడో రోజు సాయంత్రం ఆ అమ్మాయి ఇంటికి పోయి మెడ ఇయర్‌ఫోన్ అడిగి తెచ్చుకుని, దాని ఆఫ్‌సెట్ ఎలా సరిచేయాలో వాళ్ళ అన్నకు చూపించి వచ్చాడని వాళ్ళమ్మే చెప్పింది. ఆ తల్లి ఈ ఆదివారం మందిరం ఊడ్చింది. స్పీకరు గెలిచినవాడి ఇంట్లోనే ఉంది, అలాగే ఉండాలి. క్రిస్మస్ పాటల సాధనకు ఇస్తామన్నారు.

దసరా సెలవుల్లో మళ్ళీ పోటీ పెడతారట. దూరాన ఉన్న మీ అందరికీ యవనస్థుల తరఫున ఒక మనవి. మీ దగ్గర వాడని ఫోన్ ఉంటే, పాతదైనా అద్దం మంచిగా ఉండి ఇయర్‌ఫోన్ తీగ పెట్టుకునే రంధ్రం ఉన్నది అయితే, పంపండి. పోటీకి అదే అందరి ఫోన్ అవుతుంది, మిగతా రోజులు నోటుబుక్కుతో పాటు పెద్దాయన ఇంట్లో ఉంటుంది. పార్శిల్ మీద ఆత్మకూర్ పక్కన (ఎస్) అని, కింద సూర్యాపేట జిల్లా అని తప్పకుండా రాయండి. పోయినసారి బైబిళ్ళు వనపర్తి జిల్లా ఆత్మకూరుకు పోయి పదకొండు రోజులకు తిరిగొచ్చాయి.